సెఫ్రూ చెర్రీల పండగ: గుండీలు అల్లే చేతుల ఊళ్లో

మన బేకరీల్లో కేకు మీద, మిఠాయి కిళ్లీ మీద ఎర్రగా మెరిసేది చాలావరకు చెర్రీ కాదు, రంగు కలిపి పాకం పట్టిన వాక్కాయ. అసలు చెర్రీ మన నేలలో కాయదు. ఆ చెట్టుకు చలి కావాలి. చలికాలంలో కొన్ని వందల గంటలు ఏడు డిగ్రీలకు దిగువన గడిస్తే తప్ప వసంతంలో సరిగా పూత రాదు. కశ్మీరు నుంచి, హిమాచల్ నుంచి ఎండాకాలంలో చిన్న డబ్బాల్లో హైదరాబాదుకు వచ్చేవే మనం ఎరిగిన చెర్రీలు. అలాంటి పండు ఆఫ్రికా ఖండంలో కాస్తుందనీ, మొరాకోలోని సెఫ్రూ అనే ఊరు ఏటా జూన్‌లో దాని కోత పేరున పండగ చేస్తుందనీ విన్నప్పటి నుంచి ఆ ఊరు చూడాలని ఉండేది.

మాది నూజివీడు వైపు. చిన్నరసాల తోటల మధ్య పెరిగాను. పండును నమ్ముకుని బతకడమంటే ఏమిటో తెలుసు. పూత రాలితే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. మార్కెట్లో ధర పడితే కోత కూలి కూడా గిట్టదు. పంట చేతికొచ్చిందని ఊరంతా కలిసి వీధుల్లోకి రావడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు. మా అక్క కొడుకు ఉద్యోగరీత్యా కాసాబ్లాంకాలో ఉంటున్నాడు. ఫ్రెంచి బాగా వచ్చు, అక్కడి వాడుక అరబ్బీ దారిజా కొంత వచ్చు. వాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను.

గురువారం: ఫెజ్ మీదుగా

కాసాబ్లాంకా నుంచి ఫెజ్‌కి రైల్లో దాదాపు నాలుగు గంటలు. ఫెజ్ నుంచి సెఫ్రూ దక్షిణంగా 30 కిలోమీటర్లు కూడా ఉండదు. గ్రాండ్ టాక్సీ అంటారు, ఆరుగురు నిండితే కదులుతుంది. మా బండిలో ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక ముసలాయన, చంకలో బిడ్డతో ఒక తల్లి. అందరూ పండక్కే.

ఫెజ్ దాటగానే కోత అయిపోయిన గోధుమ చేలు, వాటి వెనక ఆలివ్ తోటలు. తర్వాత రోడ్డు మెల్లగా పైకెక్కుతుంది. సెఫ్రూ మధ్య అట్లాస్ పర్వతాల పాదాల దగ్గర, సముద్ర మట్టానికి 850 మీటర్ల ఎత్తులో ఉంది. బండి దిగగానే గాలిలో తేడా తెలిసింది. ఈ ఎత్తు, వెనకనున్న కొండల చలి, కొండల నుంచి దిగే నీళ్లు, ఈ మూడూ కలిస్తేనే ఇక్కడ చెర్రీ కాసింది.

ఊరి మధ్య నుంచి అగ్గాయ్ అనే ఏరు పారుతుంది. జూన్‌లో నీళ్లు తక్కువే, రాళ్ల మధ్య సన్నగా జారుతున్నాయి. దాన్ని చూసి ఈ ఏరు ఏం చేయగలదులే అనుకోకూడదు. 1950లో ఇదే ఏరు పొంగి పాత ఊరిని ముంచెత్తింది, ఎందరో చనిపోయారు. పెద్దవాళ్లు ఆ ఏడాదిని ఇంకా గుర్తుగా చెప్పుకుంటారు.

సెఫ్రూ జనాభా 2014 లెక్కల ప్రకారం 80 వేలకు దగ్గర. ఫెజ్ మహానగరం పక్కన చిన్న ఊరే. కానీ ఇక్కడివాళ్లు తమది ఫెజ్ కన్నా పాత ఊరని గట్టిగా నమ్ముతారు. ఫెజ్‌ను తీర్చిదిద్దిన ఇద్రీస్ రాజు "సెఫ్రూ నగరం విడిచి ఫెజ్ అనే పల్లెకు పోతున్నాను" అన్నాడని ఒక ఐతిహ్యం. టాక్సీలో ముసలాయన మొదట చెప్పింది అదే. 1960ల్లో అమెరికా మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ తన శిష్యులతో వచ్చి ఏళ్ల తరబడి పరిశోధన చేసింది కూడా ఈ ఊళ్లోనే. బేరం ఎలా సాగుతుంది, ఎవరి మాట ఎవరు నమ్ముతారు అన్నది ఈ బజారులో కూర్చుని రాసుకున్నాడు.

సాయంత్రం కోటగోడ బయట బజారుకు వెళ్లాం. తోపుడుబళ్ల మీద చెర్రీలు రాశులు. కొన్ని నల్లగా కనిపించేంత ముదురు ఎరుపు, కొన్ని పసుపు మీద ఎర్ర జీర. అమ్మేవాడు ఆకులు కూడా కలిపి పెట్టాడు, తాజాదనానికి అదే గుర్తు. బేరం ఆడకముందే గుప్పెడు చేతిలో పోసి తినమన్నాడు. పళ్ల కింద తొక్క టప్పుమని పగిలింది, ముందు పులుపు, వెంటనే తీపి. వాక్కాయకూ దీనికీ ఎరుపు తప్ప ఏ సంబంధమూ లేదు.

"పిన్నీ, గదికి తీసుకెళ్లి తిందాం, నిలబడి ఎన్ని తింటావు" అన్నాడు మావాడు. తొడిమలు చేతిలో పోగుపడుతూనే ఉన్నాయి.

శుక్రవారం: భలీల్ సందుల్లో

పండగ ఆర్భాటం అంతా వేదిక దగ్గర మొదలైంది. ఉపన్యాసాలు, బ్యాండు, బెలూన్లు. కాసేపు చూశాం. నా మనసు మాత్రం సెఫ్రూకి ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న భలీల్ మీద ఉంది. ఈ చెర్రీ పండగను యునెస్కో 2012లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దాని వివరణలో ఏటా ఎన్నుకునే చెర్రీ రాణి, ఊరేగింపు, తోటల రైతులతో పాటు మరొకరి ప్రస్తావన ఉంది: సంప్రదాయ దుస్తులకు పట్టు గుండీలు చేసే ఆడవాళ్లు. పండ్ల పండగలో గుండీల వాళ్లు ఎందుకున్నారో చూడాలనే వెళ్లాను.

భలీల్ కొండవాలున ఉంది. ఇళ్లకు గులాబీ, పసుపు, లేత నీలం సున్నాలు. చాలా ఇళ్ల వెనక గది కొండను తొలిచిన గుహే. ముందు ఇటుక గోడ, తలుపు, లోపలికి వెళితే రాయి. బయట ఎండ మాడుస్తుంటే లోపల చల్లగా ఉంది. చలికాలంలో వెచ్చగా ఉంటుందట.

ప్రతి సందులోనూ గడపల మీద, నీడ ఉన్నచోటల్లా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఒళ్లో దారపు ఉండ, చేతిలో సూది. నోరు మాట్లాడుతూనే ఉంటుంది, చేయి ఆగదు. జెల్లాబా అని మొరాకో వాళ్లు వేసుకునే పొడుగాటి అంగీ, కఫ్తాన్ అని ఆడవాళ్ల వేడుక దుస్తు, రెండింటికీ ముందు వైపు పైనుంచి కిందికి చిన్న చిన్న దారపు గుండీలు బారులు తీరి ఉంటాయి. ఒక్క దుస్తుకే డజన్ల కొద్దీ పడతాయి. ఆ గుండీలకు సెఫ్రూ, భలీల్ పెట్టింది పేరు.

ఒకావిడ మమ్మల్ని చూసి పీట జరిపింది. అరవై దాటి ఉంటాయి. మావాడు ఆమెను "ఖాల్తీ" అన్నాడు, వాళ్ల భాషలో పిన్ని వరస. ఆమె మెల్లగా చేసి చూపించింది. ముందు సన్నని కాగితం ముక్కను చుట్టచుట్టి చిన్న ఉంగరంలా చేసింది, గోరంత కూడా లేదు. దాని చుట్టూ సూదితో ఒక వరస కుట్టు. ఆ కుట్టు ఉచ్చుల్లోంచి సూది దూర్చి రెండో వరస. మూడో వరసకు కాగితం కనిపించకుండా పోయింది. దారం లాగేటప్పుడు ప్రతిసారీ బొటనవేలి గోటితో నొక్కి సర్దుతోంది. ఆ గోటి మీద గాడి పడిపోయి ఉంది. చివర మొగ్గలా ముడుచుకున్న గుండీని పళ్లతో దారం తెంపి నా అరచేతిలో పెట్టింది. గట్టిగా నొక్కినా నలగలేదు.

ఇప్పుడు అసలు పట్టు తక్కువ, ఎక్కువగా సబ్రా అనే మెరుపు దారం వాడుతున్నారు. ధర గురించి అడిగాను. దళారి వచ్చి కట్టలు కట్టలుగా తీసుకుపోతాడు, ఫెజ్‌లో దర్జీకి చేరేసరికి దానికి వేరే ధర, మా చేతికి వచ్చేది కొంచెమే అంది. వినగానే మా మార్కెట్ యార్డు కళ్ల ముందు కనబడింది. గత ఇరవై ఏళ్లుగా ఆడవాళ్లు సహకార సంఘాలు పెట్టుకుని నేరుగా అమ్ముకోవడం మొదలుపెట్టారని, కొత్త నమూనాలు, దండలు, చెవిపోగులు చేస్తున్నారని కూడా ఆమే చెప్పింది. పొడుగు గుండీ, గుండ్రని గుండీ, పూసలు కలిపి అల్లింది, ఇలా ఎన్నో రకాలు. ఎర్రదారంతో చేసిన ఒక గుండ్రటి దాన్ని తీసి "ఇది చెర్రీ" అని చూపించింది.

పండగ రాణి వేసుకునే కఫ్తాన్ గుండీలు కూడా ఇలాంటి గడపల మీదే తయారవుతాయి. పండగ ముందు నెలల్లో పని ఎక్కువగా దొరుకుతుందట. తోట రైతు పండు ఇస్తాడు, వీళ్లు గుండీ ఇస్తారు. పండగను నిలబెట్టేది వేదిక కన్నా ఈ గడపలేనని నాకు గట్టిగా అనిపించింది. వారసత్వం అనే పెద్ద మాటకు అర్థం నాకు ఆ గోటి గాడిలో కనబడింది.

రెండు డజన్లు కొన్నాను. డబ్బు లెక్కపెట్టి రవికెలో దోపుకుని, పుదీనా టీ తాగకుండా కదలడానికి వీల్లేదని కూర్చోబెట్టింది. తాగాం. చక్కెర చాలా ఎక్కువ, ఎండన పడి వచ్చిన ప్రాణానికి అదీ బాగానే ఉంది.

శనివారం: తోట, మల్లాహ్, గుర్రాలు

పొద్దున్నే ఊరవతల ఒక తోటకు వెళ్లాం. పడమటి కొండల వైపు, ఇమూజ్జర్ దారిలో. చెర్రీ కోత ఎండ ఎక్కకముందే చేస్తారు. చెట్టుకు నిచ్చెన వేసి, నడుముకు బుట్ట కట్టుకుని, పండును తొడిమతో సహా కోస్తారు. తొడిమ ఊడితే పండు ఎక్కువ రోజులు నిలవదు. అలాగని గుంజితే తొడిమ మొదట్లో ఉన్న పొట్టి కణుపు విరిగిపోతుంది. వచ్చే ఏడాది కాపు మళ్లీ ఆ కణుపు మీదే రావాలి. కాబట్టి వేలితో పైకి తిప్పి తీస్తారు. నా చేత కూడా కోయించాడు తోట రైతు. మామిడిలా కాయగా కోసి మాగబెట్టే వీలు లేదు, చెర్రీ చెట్టు మీద పండితేనే పండు. కోసిన తర్వాత తీపి పెరగదు.

కోతకు ముందు వాన పడితే ఇంకో బాధ. తొక్క నీళ్లు తాగి పండు పగులుతుంది. అందుకే జూన్ మబ్బు చూస్తే భయం అన్నాడు. మబ్బు రాకపోయినా భయమే. 2018 తర్వాత మొరాకోను వరసగా కరవు పట్టుకుంది, బావులు లోతుకు పోయాయి. చలికాలాలు వెచ్చబడితే పూత పలచబడుతుంది. వీటన్నిటికీ తోడు సెఫ్రూ ఊరు పెరిగింది. ఏటి పక్కన ఒకప్పుడు తోటలున్న చోట ఇప్పుడు ఇళ్లు ఉన్నాయని వేలు పెట్టి చూపించాడు. బజారులో రాశులు పోసిన పండులో చాలాభాగం చుట్టుపక్కల కొండ ఊళ్ల నుంచి వచ్చేదే. తన తోటలో పాత నాటు రకం చెట్లు కొన్ని మిగిలాయి, చిన్న పండు, ఘాటైన రుచి. మిగతావన్నీ అంటు కట్టిన బుర్లా రకం. "నాటుదానికి ధర రాదు, కొట్టేయడానికి మనసు రాదు" అన్నాడు. ఈ మాట మావాడు తెలుగులో చెబుతుంటే మా నాన్న పెరట్లో ఉంచుకున్న ముసలి పీచుమామిడి గుర్తొచ్చింది. ఊరి పేరు మీద పండగ ఉండి, ఊళ్లో తోట లేకుండా పోతే ఆ పండగ ఎవరిది? మునిసిపాలిటీ వాళ్లు వేదిక మీద పెట్టే ఖర్చులో కొంత ఈ ముసలి చెట్ల మీద పెట్టాలని నాకు బలంగా అనిపిస్తోంది.

మధ్యాహ్నం పాత ఊళ్లో తిరిగాం. కోటగోడ లోపల, ఏటి ఒడ్డున, సరిగ్గా నడిమధ్యన మల్లాహ్ ఉంది, అంటే యూదుల పేట. ఫెజ్‌లో మల్లాహ్ రాజభవనం పక్కన విడిగా ఉంటుంది. ఇక్కడ అలా కాదు, ముస్లిముల ఇళ్లు, యూదుల ఇళ్లు ఏటికి అటూ ఇటూ ఒకే గోడలోపల. ఈ ఊరిని చిన్న జెరూసలేం అనేవారు. 1883లో షార్ల్ ద ఫూకో అనే ఫ్రెంచి యాత్రికుడు యూదు రబ్బీ వేషంలో మొరాకో తిరుగుతూ ఈ ఊరు కూడా వచ్చాడు. 1948 తర్వాత ఇరవై ఏళ్లలో యూదులు దాదాపు అందరూ ఇజ్రాయెల్‌కు, ఫ్రాన్సుకు, కెనడాకు వెళ్లిపోయారు. సందులు సన్నగా, ఇళ్లు మూడు నాలుగు అంతస్తులు, చెక్క బాల్కనీలు. ఇప్పుడు అందులో వేరే కుటుంబాలు కాపురముంటున్నాయి. గుండీల పని ఒకప్పుడు యూదు ఇళ్లలో బాగా సాగిందని, పొరుగిళ్ల వాళ్లు వాళ్ల దగ్గరే నేర్చుకున్నారని అక్కడివాళ్లు చెబుతారు. ఊరి పైన కొండలో ఒక గుహ ఉంది. దాన్ని రెండు మతాల వాళ్లూ పవిత్రంగా చూసేవారు. మనుషులు వెళ్లిపోయినా వాళ్లు నేర్పిన కుట్టు భలీల్ గడపల మీద నడుస్తోందంటే, ముందు రోజు ఆ ఖాల్తీ దగ్గర గడిపిన గంట నాకు మరింత విలువైనదిగా తోచింది.

సాయంత్రం తబూరిదా. మొరాకో గుర్రపు విన్యాసం, 2021లో ఇదీ యునెస్కో జాబితాకెక్కింది. పదిహేను మందికి పైగా రౌతులు తెల్ల దుస్తుల్లో ఒకే వరసలో నిలబడతారు, నాయకుడు కేక పెడతాడు, గుర్రాలు కదిలి దౌడు అందుకుంటాయి. మైదానం చివర అందరూ ఒక్కసారిగా తుపాకులు పైకెత్తి పేల్చాలి. ఒక్క తుపాకి ముందో వెనకో పేలినా ఓడినట్టే. మొదటి జట్టుకు రెండు చప్పుళ్లు వినబడ్డాయి, జనం నిట్టూర్చారు. మూడో జట్టుది ఒకే దెబ్బ. మందు పొగ కమ్మేసింది, పక్కన కూర్చున్న ముసలమ్మ లేచి నాలుక ఆడిస్తూ గొంతెత్తి కూత పెట్టింది. నాకూ లేచి నిలబడాలనిపించింది, నిలబడ్డాను.

ఆదివారం: ఊరేగింపు

ఈ పండగ 1920లో, ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో మొదలైంది. 1956లో స్వాతంత్ర్యం వచ్చాక చాలా వలస పద్ధతులు పోయాయి, ఇది పోలేదు, ఊరివాళ్లు తమది చేసుకున్నారు. ఏటా దేశం నలుమూలల నుంచి వచ్చిన అమ్మాయిల్లోంచి చెర్రీ రాణిని ఎన్నుకుంటారు. మిస్ సెరిజెత్ అంటారు. అందాల పోటీలంటే నాకు పెద్దగా గౌరవం లేదు. ఇక్కడ మాత్రం రాణి చేసే పని వేరు, ఊరి పంటను ఊరికి పంచుతుంది.

మధ్యాహ్నం నుంచే ప్రధాన వీధికి రెండు వైపులా జనం. మేడల మీద, కిటికీల్లో, చెట్ల కొమ్మల మీద పిల్లలు. ఎండ చల్లబడ్డాక బ్యాండు శబ్దం వినిపించింది. ముందు డ్రమ్ములు వాయిస్తూ యూనిఫాం అమ్మాయిలు, తర్వాత ఊరి క్రీడా సంఘాల కుర్రాళ్లు, ఆ వెనక కొండ ఊళ్ల నుంచి వచ్చిన అహిదూస్ బృందం. అహిదూస్ మధ్య అట్లాస్ అమాజిగ్ (బెర్బర్) జనం ఆట. మగవాళ్లు, ఆడవాళ్లు భుజానికి భుజం ఆనించి అర్ధచంద్రాకారంగా నిలబడతారు. చెక్క చట్రానికి తోలు బిగించిన బెందీర్ మీద దరువు, ఒకరు పాట అందుకుంటే మిగతావారు బదులిస్తారు. పాదం పెద్దగా కదలదు, భుజాలు మాత్రం అందరివీ కలిసి ఊగుతాయి. మా ఊళ్లో కోలాటం బృందాన్ని చూసినంత సంతోషం వేసింది.

తర్వాత బండ్లు. ఒక దాని మీద పండ్ల బుట్టలతో రైతులు, ఒక దాని మీద నేతవారు, ఇంకో దాని మీద గుండీల దండలు వేలాడదీసి ఆడవాళ్లు. మెల్లగా కదిలే ఆ బండి మీద కూడా ఒకావిడ తల వంచుకుని కుట్టుకుంటూనే ఉంది. చివర రాణి బండి. బంగారు రంగు కఫ్తాన్, నడుముకు వెడల్పాటి పట్టీ, మెడ దగ్గర నుంచి పాదాల దాకా గుండీల వరస. చెలికత్తెలు బుట్టలు అందిస్తుంటే ఆమె గుప్పిళ్లతో చెర్రీలు జనంలోకి పంచుతోంది. పిల్లలు చొక్కా అంచులు పట్టి చాపారు. నా పక్కనున్నాయన రెండు పట్టుకుని ఒకటి నాకిచ్చాడు.

రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది జూన్‌లో. ఊరేగింపు వెళ్లాక కూడా జనం ఇళ్లకు పోలేదు. మావాడు తోట రైతును మళ్లీ చూశాడు, పెట్టెలు ఖాళీ చేసుకుని బండి ఎక్కుతున్నాడు. అమ్మకం బాగుందా అని అడిగితే, పండగ రోజుల్లో బాగుంటుంది, రేపటి ధర రేపు చూడాలి అన్నాడు. తోటలో ఇంకా రెండు చెట్లు కోయాలట.

వెళ్లాలనుకునే వాళ్లకు కొన్ని మాటలు. పండగ తేదీలు ప్రతి ఏడాదీ జూన్‌లో మారుతుంటాయి, ముందే కనుక్కోవాలి. సెఫ్రూలో బస తక్కువ, ఫెజ్‌లో దిగి గ్రాండ్ టాక్సీలో వచ్చిపోవచ్చు, కాకపోతే ఊరేగింపు రాత్రి బండ్లు దొరకడం కష్టం. జూన్ కుదరకపోతే ఆగస్టులో పక్కనే ఇమూజ్జర్ కందర్‌లో ఆపిల్ పండగ ఉంటుంది. ఏ నెలలో వెళ్లినా భలీల్‌కి ఒక పూట కేటాయించండి. గుండీలు ఫెజ్ కొట్లలో కొనకండి, అల్లినావిడ చేతి నుంచే కొనండి. బేరం ఆడకండి.